జియాంగ్సు మ్యూజియములు: నేతపనివారు చూడవలసినవి, నేర్వవలసినవి

చీనాంశుకము, చీనాంబరము అను మాటలు మన పెద్దలకు క్రొత్తవి కావు. చైనా పట్టు అను మాట మన మగ్గముల దగ్గర ఈనాటికీ వినబడుచునే వున్నది. అయితే ఆ పట్టు పుట్టిన దేశములో నేతపనివారు ఎట్లు నేసిరి, వారి పనితనమును నేడు ఎక్కడ ఏ విధముగా దాచి వుంచినారు అను సంగతి మనలో చాలమందికి తెలియదు. తెలుసుకొనుట మన వృత్తికి మేలు.

చైనా పెద్ద దేశము. అందులో ఒక్క రాష్ట్రమునే ఈ పాఠమునకు తీసుకొన్నాము. అది తూర్పు సముద్రతీరమున వున్న జియాంగ్సు. అక్కడి మ్యూజియములు చూడబోవువారికి ఈ పాఠము దారి చూపును. పోలేనివారికి చూచినంత తెలివి కలిగించవలెనని మా కోరిక. ప్రతి చోటా ఒక్కటే ప్రశ్న మనసులో పెట్టుకొని నడువవలెను: నేసిన మనిషి పోయిన తరువాత అతని పని ఎట్లు నిలిచినది?

రాష్ట్రము, మూడు పట్టణములు

యాంగ్త్సీ మహానది సముద్రములో కలియుటకు ముందు ఈ రాష్ట్రము గుండా ప్రవహించును. నది దక్షిణపు టొడ్డున రాజధాని నాన్జింగ్ కలదు. అక్కడినుండి ఆగ్నేయముగా, షాంఘైకి పోవు రైలుదారిలో సూజౌ వచ్చును. నదికి ఉత్తరపు టొడ్డున, సముద్రమునకు దగ్గరగా నాన్‌తోంగ్ వున్నది. మొదటి రెండు పట్టణములు పట్టుకు, మూడవది నూలుకు పేరుపడినవి.

చింగ్ వంశపు చక్రవర్తుల కాలమున రాజకుటుంబమునకు కావలసిన పట్టుబట్టలు నేయించుటకు దక్షిణ దేశమున మూడు సర్కారీ నేత కచేరీలు వుండెడివి. మూడింటిలో రెండు, అనగా నాన్జింగ్, సూజౌ కచేరీలు, ఈ రాష్ట్రములోనివే. మూడవది పొరుగున జెజియాంగ్ రాష్ట్రమందలి హాంగ్‌జౌలో వుండెను. నాన్జింగ్ కచేరీకి 1663 మొదలు చాల కాలము ఛావ్ కుటుంబమువారు అధికారులుగా వుండిరి. చైనా నవలలలో మేటిదని చెప్పబడు 'ఎర్ర మేడ కల' వ్రాసిన ఛావ్ షుయెచిన్ ఆ ఇంటి బిడ్డ. ఆ కచేరీ జ్ఞాపకార్థము నాన్జింగ్ నగరము నడుమ ఒక మ్యూజియమును కట్టి 2013లో తెరచినారు.

నాన్జింగ్: ఇద్దరు నేయు మగ్గము

నాన్జింగ్‌లో నేతపనివాడు ముందు చూడవలసినది యున్‌జిన్ మ్యూజియము. యున్ అనగా మేఘము, జిన్ అనగా పూలపని గల పట్టు. సాయంకాలపు మబ్బులవలె రంగులు మెరయునని ఆ పేరు పెట్టిరి. ఇది రాజుల బట్ట. బంగారపు రేకుతో చేసిన దారము, నెమలి ఈకల నారను పట్టుతో కలిపి పేనిన దారము ఇందులో పేకగా పడును.

ఈ మ్యూజియములో బట్టలు అద్దాల బీరువాలలో వున్నవి సరే, మగ్గములు కూడ ఆడుచున్నవి. మగ్గము పొడవు 5.6 మీటర్లు, ఎత్తు 4 మీటర్లు, వెడల్పు 1.4 మీటర్లు. మన గుంట మగ్గము ప్రక్కన పెట్టిన ఇల్లు ప్రక్కన గూడువలె వుండును. దీనిమీద ఇద్దరు పనిచేయవలెను. ఒకరు పైన అటక వంటి చోట కూర్చుండి నమూనా త్రాళ్ళను వరుసగా లాగుదురు. లాగినప్పుడు కావలసిన పడుగు పోగులు మాత్రము లేచును. క్రింద కూర్చున్నవారు లేచిన పోగుల నడుమ ఏ రంగు ఎక్కడ కావలెనో అక్కడికే చిన్న కండెలతో పేక దూర్చి, తరువాత నాడె వేసి నేయుదురు. పువ్వు వరకే రంగు పేక పోవును, అంచునుండి అంచుకు పోదు. బుటా నేయువారికి ఈ కిటుకు వేరుగ చెప్పనక్కర లేదు.

ఇద్దరు దినమంతయు నేసినను 5, 6 సెంటిమీటర్లకు మించి బట్ట దిగదు. అనగా మూడు వ్రేళ్ళ వెడల్పు. ఇందుకు విసుగు చెందకుండ, వరుస తప్పకుండ వుండుటకై వారు పనిపాటలు కట్టుకొన్నారు. ఏ రంగు ముందు, ఏది తరువాత, పోగును ఎట్లు విడదీయవలెను అను సంగతులే ఆ పాటలలో వుండును. ఈ నేతపనిని యునెస్కో 2009లో మానవజాతి వారసత్వపు జాబితాలో చేర్చినది. ఆ సందర్భమున ఈ పాటలను గూర్చియు ప్రత్యేకముగా చెప్పినారు.

నమూనాను దారముతో వ్రాయుట

ఈ మ్యూజియములో నేతగాడు తప్పక ఆగి చూడవలసిన వస్తువు ఇంకొకటి కలదు. చూచుటకు అది చిక్కుబడిన త్రాళ్ళ మోపువలె వుండును. దానిని హువాబెన్ అందురు. పూల గ్రంథము అని మనము చెప్పుకొనవచ్చును.

పని ఇట్లు జరుగును. మొదట పువ్వును గళ్ళ కాగితము మీద గీయుదురు. తరువాత నిలువు దారములు బిగించి వుంచుదురు. అవి పడుగునకు గుర్తు. అడ్డు దారములు పేకకు గుర్తు. కాగితము మీది గడిని చూచుచు, కొక్కెము వంటి పనిముట్టుతో, ఏ నిలువు దారము లేవవలెనో దాని క్రిందుగను, లేవరానిచోట పైగను అడ్డు దారమును పోనిత్తురు. ఒక్కొక్క అడ్డు దారము ఒక్కొక్క పేక వరుస. పువ్వు అంతయు ఈ విధముగా దారములలో ఎక్కిన తరువాత ఆ మోపును మగ్గమునకు తగిలించుదురు. పైన కూర్చున్నవారు లాగునది దీనినే.

మన ఉప్పాడ, వెంకటగిరి నేతలలో జాల అనుదానిని, కంచిలో అడై అనుదానిని ఎరిగినవారికి ఇది చుట్టరికము గల పని అని వెంటనే తెలియును. జాకార్డు అట్టలు కూడ ఈ దారినే నడుచును. అట్టలో రంధ్రము వున్న పోగు లేచును, లేనిచో లేవదు. దారము చేయు పనిని అట్ట చేయుచున్నది, అంతే.

ఇందులో గమనింపవలసిన సంగతి ఒకటి. వాడుచుండగా హువాబెన్ అరిగిపోవును. అందుచేత ఒక హువాబెన్‌ను చూచి మరొకటి కట్టుట వారిలో ఒక ప్రత్యేకమైన పని. పువ్వును క్రొత్తగా ఎక్కించుట ఒక విద్య, వున్నదానికి నకలు తీయుట ఒక విద్య, చిన్న నమూనాలను కలిపి పెద్దది చేయుట ఇంకొక విద్య. నకలు తీయుటను తక్కువ పనిగా వారు ఎంచలేదు.

పాత బట్టను తిరిగి నేయుట

1911 విప్లవముతో చక్రవర్తుల రాజ్యము కూలినది. రాజుల బట్టకు బేరము పడిపోయినది. 1949 నాటికి నాన్జింగ్‌లో ఆడుచున్న యున్‌జిన్ మగ్గములు బహు కొద్ది. అప్పుడు 1954లో పాత పనివారిని కూడగట్టి వారి పనిని పరిశీలించుట మొదలుపెట్టిరి. 1957లో యున్‌జిన్ పరిశోధన సంస్థ ఏర్పడినది. ముసలి నేతగాండ్రు బ్రతికి వుండగానే ఈ పని జరిగినది. పది, పదిహేను సంవత్సరములు ఆలస్యమైనచో సంస్థ వుండెడిది గాని నేర్పువారు వుండెడివారు కారు.

అప్పుడు ప్రారంభించిన పని తరువాత ఎట్లు అక్కరకు వచ్చినదో రెండు ఉదాహరణములు చెప్పుదుము.

బీజింగ్ దగ్గర వాన్‌లీ చక్రవర్తి సమాధిని 1956 నుండి 1958 వరకు త్రవ్వినారు. లోపల మూడు వందల సంవత్సరములకు పైగా వున్న పట్టుబట్టలు వెలుతురు, గాలి తగిలి రంగు మారి గట్టిపడిపోయినవి. నెమలి ఈకల దారముతో, బంగారముతో నేసిన ఒక అంగీ బట్టను నాన్జింగ్ సంస్థవారు పోగు పోగు లెక్కించి, 1980 దశకములో తిరిగి నేసినారు. పాతది చూపుటకు పనికిరాని స్థితిలో వున్నను, దాని అందమేమో ఇప్పుడు చూచువారికి తెలియుచున్నది.

రెండవది ఇంకను వింతయైనది. హునాన్ రాష్ట్రములో, చాంగ్షా దగ్గర మవాంగ్‌దుయ్ అనుచోట 1972లో ఒక సమాధి బయటపడినది. క్రీస్తుకు పూర్వము రెండవ శతాబ్దమునాటి ఒక ప్రభువు భార్యది. అందులో దొరికిన ఒక పలుచని పట్టు అంగీ 128 సెంటిమీటర్ల పొడవు, చేతులు, అంచులు, అన్నియు కలిపి 49 గ్రాముల బరువు. మన తులము లెక్కన నాలుగు తులములు దాటి కొంచెము.

దానికి నకలు నేయబోయిన వారికి మొదట బరువు ఎక్కువైనది. నేత తప్పు కాదు, పట్టుపోగుదే ఇబ్బంది అని తేలినది. పాత అంగీలోని పోగు 10, 11 డెనియర్లు మాత్రమే. మన మగ్గములకు వచ్చు మామూలు పట్టు 20/22 డెనియర్లని అందరికీ తెలుసును. నేటి పట్టుపురుగులు నాలుగుసార్లు కుబుసము విడుచును. పట్టురైతులు దీనిని జ్వరము అందురు, చైనావారు నిద్ర అందురు. నాలుగు జ్వరముల పురుగు పెద్దది, దాని పోగు లావు. మూడు జ్వరములతోనే గూడు కట్టు చిన్న పురుగు పోగు సన్నము. ఆ జాతి పురుగుల పట్టును తెచ్చి నేసిన మీదట నాన్జింగ్ సంస్థవారు 2019లో 49 గ్రాముల నకలు అంగీని చూపగలిగిరి.

నకలు నేయబోయినందువల్ల నేత, నూలు, పురుగు, అన్నిటిని గూర్చిన తెలివి పెరిగినది. పాత చీరను ఎదుట పెట్టుకొని అట్లే నేయబూనిన మన నేతగాడు కూడ ఇదే దారిలో చాల సంగతులు నేర్చును.

నాన్జింగ్ వదలి పోవుటకు ముందు 1933లో ఏర్పడిన నాన్జింగ్ మ్యూజియమును కూడ చూడవలెను. అందులో జానపద కళలకై ఒక విభాగము కలదు. చేతిపనివారు అక్కడనే కూర్చుండి పనిచేసి చూపుదురు.

సూజౌ: రెండు పలకల చిన్నమగ్గము

సూజౌలో ఉత్తరపు దేవాలయ గోపురమునకు దగ్గరగా పట్టు మ్యూజియము వున్నది. దీనిని 1991లో తెరచినారు. పురుగు పెంపకము మొదలు బట్ట వరకు వరుసగా చూడవచ్చును. ఇక్కడ మన కంటికి ఆనవలసినది కెసి అను నేత.

నాన్జింగ్ మగ్గము ఎంత పెద్దదో కెసి మగ్గము అంత చిన్నది. రెండు తొక్కుడు పలకలు, సాదా నేత. జాల లేదు, అట్టలు లేవు. బొమ్మను పడుగు క్రింద పెట్టి, పైకి కనబడు గీతలను కుంచెతో పడుగు మీదనే గీసికొందురు. తరువాత రంగుకొక చిన్న నాడె. ఎక్కడ ఏ రంగు వున్నదో అక్కడి వరకే పేక పోయి వెనుకకు మరలును. రెండు రంగులు కలియుచోట సన్నని చీలిక మిగులును. వెలుతురుకు ఎత్తి చూచిన కత్తితో కోసినట్లుండును. ముందువైపు వెనుకవైపు ఒకే బొమ్మ.

పడుగునకు బంక తీయని పట్టును, పేకకు బంక తీసి రంగు వేసిన పట్టును వాడుదురు. పడుగు బిరుసుగా నిలుచును, పేక మెత్తగా పరచుకొని పడుగును కప్పివేయును. కారణము తెలిసి చేసిన పని ఇది. సూజౌ కెసి, సోంగ్ జిన్ అను మరొక పూలపట్టు, 2009లో యునెస్కో గుర్తించిన చైనా పట్టుపనులలో చేరి వున్నవి.

నాన్జింగ్ మగ్గములో తెలివి హువాబెన్‌లో వున్నది. సూజౌ కెసిలో తెలివి అంతయు చేతివ్రేళ్ళలోనే వున్నది. కనుక కెసిని నిలుపుటకు బొమ్మకాగితములు దాచిన చాలదు. ఒకరి ప్రక్కన ఒకరు సంవత్సరములు కూర్చుండి నేర్వవలెను. మన పనులలో ఏది ఏ జాతికి చెందినదో తెలుసుకొనినప్పుడే దానిని ఎట్లు దాచవలెనో తెలియును.

సూజౌ సూదిపనికి కూడ ప్రసిద్ధి. అక్కడి కుట్టుపని పరిశోధన సంస్థ ఒక పాత ఉద్యానవనము ప్రక్కన వున్నది. పట్టుపోగును అనేక పాయలుగా చీల్చి, ఒక పాయతో చేప తోకను, పిల్లి మీసమును కుట్టు పనితనము అక్కడ చూడవచ్చును.

నాన్‌తోంగ్: చెప్పగా వ్రాసిన పుస్తకము

సూజౌ జిల్లానుండి నాన్‌తోంగ్‌కు పోవుటకు యాంగ్త్సీ మీద 2008లో పెద్ద వంతెన తెరచినారు. నాన్‌తోంగ్ అనగానే జాంగ్ జియన్ పేరు చెప్పవలెను. ఈయన (1853–1926) రాజుగారి పరీక్షలలో 1894లో దేశమునకంతటికి మొదటివాడుగా నెగ్గెను. పెద్ద ఉద్యోగములు వదలి సొంతవూరికి వచ్చి నూలుమిల్లు పెట్టినాడు. మిల్లు 1899లో నడువ నారంభించినది. 1905లో మ్యూజియము కట్టించెను. చైనావారు తమంతట తాము కట్టుకొన్న మొదటి మ్యూజియము అదే అని చెప్పుదురు. ఆ వూరిలోనే 1985లో ఆ దేశపు మొదటి నేత, వడుకు మ్యూజియమును తెరచిరి.

ఈయన చేసిన మరొక పని మనకు ఎక్కువ పాఠము. సూజౌ ప్రాంతమున పుట్టిన షెన్ షౌ (1874–1921) అను స్త్రీ సూదిపనిలో ఆ కాలమున సాటిలేనిది. ఇటలీ రాణి బొమ్మను కుట్టగా 1911లో ట్యూరిన్ ప్రదర్శనకు పంపిరి. 1915లో అమెరికా శాన్‌ఫ్రాన్సిస్కో ప్రదర్శనలో ఆమె కుట్టిన యేసు బొమ్మకు బహుమతి వచ్చినది. 1914లో నాన్‌తోంగ్‌లో స్త్రీలకు సూదిపని నేర్పు బడి పెట్టి జాంగ్ జియన్ ఆమెను పిలిపించెను.

ఆమెకు జబ్బు చేసినది. ఈ తెలివి ఆమెతో పోరాదని జాంగ్ జియన్ ప్రక్కన కూర్చుండి, ఆమె చెప్పుచుండగా వ్రాసికొనెను. చట్రము బిగించుట, సూది, దారము, రంగులు, ఒక్కొక్క కుట్టు ఎక్కడ వాడవలెను, కూర్చొను తీరు, అన్నియు అందులో వున్నవి. 1919లో అది పుస్తకముగా అచ్చయినది. రెండేళ్ళకు ఆమె చనిపోయినది. దేశములో మొదటి పండితుడు తన కలమును ఒక చేతిపనిమనిషి మాటకు ఒప్పగించినాడు. అందువల్ల ఆమె చేతి తెలివి నేటికి అక్షరములలో దొరుకుచున్నది.

మన ఇండ్లలో కండెలు చుట్టుట, పోగులు అతుకుట, గంజి పెట్టుట, రంగు కలుపుట చాలవరకు స్త్రీల చేతిలోనివే. గంజి ఎంత చిక్కగా వుండవలెను, వానకాలములో ఏమి మార్చవలెను అను సంగతులు మన ముసలమ్మలకు తెలియును. ఏ పుస్తకములోను లేవు.

నీలిబట్ట

నాన్‌తోంగ్‌లో నీలి అద్దకపు బట్టల మ్యూజియము వున్నది. ఇది రాజుల బట్ట కాదు, రైతుల దుప్పటి, మూట, బిడ్డల పొత్తిగుడ్డ. దళసరి కాగితములో పువ్వులు కత్తిరించి, నూనె పూసి అచ్చు చేయుదురు. దానిని తెల్ల నూలుబట్టపై పెట్టి, సోయా చిక్కుడు పిండి, సున్నము కలిపిన ముద్దను పూయుదురు. ముద్ద ఆరిన తరువాత బట్టను నీలిమందు తొట్టిలో పలుమార్లు ముంచి గాలికి ఆరవేయుదురు. చివరకు ముద్దను గీకివేసిన క్రింద తెల్లని పువ్వు నిలుచును. మన కలంకారీలో నీలి అంటకుండ మైనము పూసిన పాత పద్ధతి ఎరిగినవారికి దీని సూత్రము సులభముగా బోధపడును.

ఇక్కడ కాగితపు అచ్చులను బట్టలతో సమానముగా దాచినారు. బట్ట చిరిగిపోయినను అచ్చు వున్నచో మరల వేయవచ్చును. పేదవారి వాడుకబట్టకు కూడ మ్యూజియము దక్కినది అను మాట సోలాపురము దుప్పట్లు, సేలం, బరంపురము చీరలు నేయు మన కుటుంబములవారు గుర్తుంచుకొనవలెను.

మన సంఘములు చేయదగినది

సంఘమునకు కొనుగోలుదారులు అప్పుడప్పుడు అమ్మమ్మల నాటి చీర తెచ్చి, ఇట్లాంటిదే కావలెను, ధర ఎంతైనను ఇత్తుమందురు. చీర ఎదుటనే వున్నది, పట్టు, జరీ వున్నవి, మగ్గము వున్నది. ఆ అంచుకు జాల కట్టిన మనిషి లేడు, కట్టిన జాల పొయ్యిలో పడినది. బేరము తిరిగిపోవును. మనము చెప్పుచున్న నష్టము ఇదే. ఇది గౌరవపు మాట మాత్రమే కాదు, కూలి మాట కూడ.

మ్యూజియము కట్టుట ఒక్క సంఘమునకు సాధ్యము కాకపోవచ్చును. ఒక గట్టి పుస్తకము, ఒక బీరువా ప్రతి సంఘమునకు సాధ్యమే. ఒక్కొక్క నమూనాకు ఒక పుట వుంచి క్రింది వివరములు వ్రాయవలెను.

1. అంచు, కొంగు, ఒడలు, మూడింటి తునకలు.
2. పడుగు, పేక నంబరు లేక డెనియరు. అంగుళమునకు పోగులెన్ని, పేకలెన్ని.
3. గళ్ళ కాగితము మీద బొమ్మ. జాకార్డు అయినచో అట్టల లెక్క. జాల అయినచో కట్టిన విధము.
4. రంగుల పాళ్ళు, నీటి సంగతి, ఉడికించిన సమయము.
5. ఎవరు నేసిరి, ఎవరు నమూనా ఎక్కించిరి, ఎన్ని దినములు పట్టినది.

జాల, అట్టలు తీసివేయునప్పుడు పారవేయక చీటీ కట్టి బీరువాలో పెట్టవలెను. వ్రాయలేని పెద్దల దగ్గరకు చదువుకొన్న పిల్లలను పంపవలెను. ఇప్పుడు ప్రతి ఇంటిలో ఫోను వున్నది. తాత చేతుల పనిని, ఆయన మాటతో సహా పట్టి వుంచుటకు సాయంకాలము ఒక గంట చాలును. మగ్గముపై పాడుకొను పాటలు తెలిసినవారు వున్నచో వాటిని కూడ వదలరాదు.

జియాంగ్సుకు పోవు వారికి ఒక మనవి. బయలుదేరుటకు ముందు మ్యూజియములు తెరచు దినములు విచారించుకొనవలెను. మగ్గము ఆడుచున్న చోట గంటసేపు నిలిచి చూడవలెను. చూచినది అదే రాత్రి వ్రాసికొని, వచ్చిన తరువాత సంఘ సమావేశములో చెప్పవలెను.

సంఘ సమావేశములలో చర్చించుటకు ప్రశ్నలు

1. మన వూరిలో జాల కట్టగలవారు, చేతితో గళ్ళ కాగితము వేయగలవారు ఎందరు వున్నారు? వారి వయస్సు ఎంత?
2. మన తాతలు నేసి, మనము నేయని చీరలు, పంచెలు, దుప్పట్లు ఏవి? వాటి తునకలు ఎవరి పెట్టెలలో వున్నవి?
3. మన పనులలో నమూనాలో దాగినది ఏది? చేతివ్రేళ్ళలో మాత్రమే వున్నది ఏది?
4. స్త్రీలు చేయు పనులను వ్రాసి వుంచుటకు ఎవరిని నియమింపవలెను?
5. నమూనా పుస్తకము ఎవరి స్వాధీనములో వుండవలెను? నకలు ఎక్కడ వుంచవలెను?